అలెక్స్ రైస్‌బెక్ (లివర్‌పూల్, స్కాట్లండ్): ఇప్పటి సెంటర్ బ్యాక్‌ల పక్కన నిలబెట్టొచ్చా?

పిచ్‌గీత

లివర్‌పూల్ ఆల్‌టైమ్ జట్టు ఎవరు వేసినా, 1914కి ముందువాళ్లలో అలెక్స్ రైస్‌బెక్ పేరు తప్పకుండా వస్తుంది. క్లబ్‌కి మొదటి రెండు లీగ్ టైటిళ్లు (1900–01, 1905–06) అతను కెప్టెన్‌గా ఉండగానే వచ్చాయి కాబట్టి అందులో వింతేమీ లేదు. చిక్కు ఎక్కడంటే, నలుగురు డిఫెండర్ల వరసలో, ఈ కాలపు సెంటర్ బ్యాక్ (వెనక వరస నడుమ ఆడే డిఫెండర్) వాన్ డైక్ పక్కన అతన్ని పెట్టేస్తున్నారు. అతను ఆడింది 2-3-5లో సెంటర్ హాఫ్‌గా. ఆ స్థానంలో ఆటగాడు 90 నిమిషాలూ ఏం చేసేవాడు? ఎవర్ని కాచుకునేవాడు? కెరీర్ లెక్కలు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. బాగా తెలిసినవాళ్లు రాయండి.

స్కోరుబుక్కు

ముందు కెరీర్ వరస పెడతాను, ఆట సంగతి మిగతావాళ్లు చెప్తారు.

పుట్టింది 1878 డిసెంబర్ 26న, స్టర్లింగ్‌షైర్‌లో పోల్‌మాంట్ దగ్గర. లార్క్‌హాల్ థిసిల్, రాయల్ ఆల్బర్ట్ జట్లకు ఆడి 1896లో హిబర్నియన్‌లో చేరాడు. 1898 వసంతంలో కొద్ది వారాల పాటు స్టోక్‌కి ఆడాడు. అదే ఏడాది మేలో మేనేజర్ టామ్ వాట్సన్ 350 పౌండ్లకి లివర్‌పూల్‌కి తెచ్చుకున్నాడు. అప్పటికి కుర్రాడికి 19 ఏళ్లే.

లివర్‌పూల్‌లో 11 సీజన్లు. లీగ్ మ్యాచ్‌లు 312, అన్నీ కలిపితే 341. 1909లో 500 పౌండ్లకి పార్టిక్ థిసిల్‌కి వెళ్లి, 1914లో ఆట మానేశాడు. స్కాట్లండ్ తరఫున 8 క్యాప్‌లు (ఒక్కో అంతర్జాతీయ మ్యాచ్‌కి ఒక క్యాప్). అందులో 7 ఇంగ్లండ్ మీదే, ఒకటి వేల్స్ మీద. ఆ కాలంలో స్కాట్లండ్‌కి ఏడాదికి మూడే అంతర్జాతీయ మ్యాచ్‌లు. ఐర్లండ్, వేల్స్ మీద స్వదేశంలో ఆడేవాళ్లతో నెట్టుకొచ్చి, ఇంగ్లండ్ మ్యాచ్‌కి మాత్రం దక్షిణాన, అంటే ఇంగ్లండ్‌లో ఆడుతున్న గట్టివాళ్లను పిలిపించేవారు. కాబట్టి ఎనిమిదే కదా అని తీసిపారేయకండి. ఏడుసార్లు ఇంగ్లండ్ మీదకి పిలుపు వచ్చిందంటే, అతని తరంలో అదే పెద్ద గుర్తింపు.

ఎర్రచొక్కా1892

పిచ్‌గీత గారూ, 2-3-5ని కాగితం మీద వేసుకుని చూడండి. గోల్‌కీపర్ ముందు ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు. వాళ్లకి 15–20 గజాల ముందు ముగ్గురు హాఫ్‌లు. ఆ పైన ఐదుగురు ఫార్వర్డ్‌లు. ఆ ముగ్గురు హాఫ్‌ల నడిమివాడే సెంటర్ హాఫ్. అంటే జట్టు మొత్తానికి అతనే ఇరుసు, పదకొండుమందిలో ఎక్కువ పరిగెత్తేదీ అతనే.

అతని మీద మూడు పనులు ఉండేవి. బంతి ఎదుటివాళ్ల దగ్గర ఉంటే వాళ్ల సెంటర్ ఫార్వర్డ్‌ను కాచుకోవాలి, గోల్‌కీపర్ తన్నిన పొడుగు బంతులకి గాల్లోకి లేచి హెడర్‌తో తిప్పికొట్టాలి. బంతి దొరికిన మరుక్షణం దాన్ని బయటికి, వింగర్ (అంచున ఆడే ఫార్వర్డ్) కాళ్ల దగ్గరికి పంపాలి. ఆపైన సొంత ఫార్వర్డ్‌ల వెనక పది గజాల్లో నిలబడి, ఎదుటి ఫుల్‌బ్యాక్ కొట్టేసిన బంతిని మళ్లీ అందుకుని దాడిని బతికించాలి. ఈ మూడోదే ఇప్పటి సెంటర్ బ్యాక్ పనిలో లేనిది. రైస్‌బెక్‌కి పేరు తెచ్చింది కూడా అదే. పొడవులో మరీ ఎత్తరి కాదు, కానీ ఎగిరే వేళ కచ్చితంగా కుదిరేది. అలుపెరగని పరుగు. ఆ బంగారు జుట్టు మైదానంలో ఏ మూలనైనా కనిపించేదని పేరు.

1905–06 జట్టులో అతనికి అటూ ఇటూ వింగ్ హాఫ్‌లుగా మారిస్ ప్యారీ, జేమ్స్ బ్రాడ్లీ. వెనక ఎడమ వైపు బిల్లీ డన్‌లప్ అనే మరో స్కాట్. అక్టోబర్ 1905 నుంచి గోల్‌లో శామ్ హార్డీ. వింగ్ హాఫ్‌లిద్దరూ తమ పక్క వదలకుండా ఉండబట్టే నడిమివాడికి ముందుకీ వెనక్కీ తిరిగే వీలు దొరికింది. రైస్‌బెక్ గొప్పదనంలో ప్యారీ వాటా కూడా ఉందని నా గట్టి నమ్మకం.

పిచ్‌గీత

మరి అతను ముందుకెళ్లి బంతి పోగొట్టుకుంటే? ఎదుటి సెంటర్ ఫార్వర్డ్‌కి దారంతా ఖాళీయే కదా. ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లతో ఐదుగురిని ఎలా ఆపుతారు?

హాఫ్‌లైన్

ఆపేది ఆఫ్‌సైడ్ నియమం. దాన్ని పట్టుకోకపోతే ఆ కాలపు డిఫెండర్ ఎవరూ అర్థం కారు.

1925 దాకా, బంతి తన్నిన క్షణంలో ఫార్వర్డ్‌కీ గోల్ లైన్‌కీ మధ్య ఎదుటివాళ్లు కనీసం ముగ్గురు ఉండాలి, లేకపోతే ఆఫ్‌సైడ్, బంతి ఎదుటి జట్టుకి. ఇప్పుడు ఇద్దరు చాలు. గోల్‌కీపర్‌ని ఒకడిగా లెక్కేస్తే, ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లూ ఫార్వర్డ్ కన్నా వెనకే ఉండాలన్నమాట. ఒక్క ఫుల్‌బ్యాక్ నాలుగడుగులు ముందుకేస్తే ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్‌లో పడతాడు. రెండో ఫుల్‌బ్యాక్ వెనకే ఉంటాడు కాబట్టి, అంచనా తప్పినా కాచుకోవడానికి ఇంకొకడు మిగులుతాడు. ఇప్పుడు లైన్ మొత్తం కలిసి కదలాలి. అప్పుడు ఒక్కడు కదిలితే సరిపోయేది.

దానికి తోడు 1907 దాకా ఆఫ్‌సైడ్ మైదానం అంతటికీ వర్తించేది. సొంత సగంలో నిలబడ్డా ఆఫ్‌సైడే! రైస్‌బెక్ లివర్‌పూల్ కెరీర్‌లో ఎక్కువ భాగం ఆ నియమం కిందే సాగింది. ఫుల్‌బ్యాక్‌లిద్దరూ సగం గీత దాటి నిలబడితే ఎదుటి ఫార్వర్డ్‌లు తమ సగంలోనే ఇరుక్కుపోతారు. అలాంటప్పుడు సెంటర్ హాఫ్ ఎదుటి గోల్‌కి 30 గజాల్లో ఉన్నా పెద్ద ప్రమాదం ఉండదు.

ఒక సందర్భం చూడండి. ఎదుటి ఎడమ ఫుల్‌బ్యాక్ బంతిని బలంగా ముందుకి తన్నబోతున్నాడు. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ మన కుడి ఫుల్‌బ్యాక్ భుజం పక్కన కాచుకుని ఉన్నాడు. కాలు వెనక్కి లేచిన క్షణంలో మన కుడి ఫుల్‌బ్యాక్ ఒక్క ఉరుకు ముందుకేస్తాడు. ఎడమ ఫుల్‌బ్యాక్ కదలడు. బంతి కాలిని వదిలేసరికి ఫార్వర్డ్ ముందు ఉన్నది ఇద్దరే. విజిల్. ఇక్కడ చెడేది ఎప్పుడంటే, ఇద్దరూ ఒకేసారి ఉరికినప్పుడు. లైన్స్‌మన్ జెండా ఎత్తకపోతే గోల్‌కీపర్ ఒంటరివాడైపోతాడు. అందుకే ఎవరు ఉరకాలి, ఎవరు నిలవాలి అన్నది ముందే ఖాయం చేసుకునే జంటలే నిలిచాయి. న్యూకాసిల్‌లో బెల్‌ఫాస్ట్‌వాడు బిల్ మెక్‌క్రాకెన్ దీన్ని ఎంత దూరం తీసుకెళ్లాడంటే, నియమం మార్చాలన్న వాదనకి అతని పేరే ఉదాహరణ అయింది.

మార్చాక ఏమైందో చూడండి. ఫస్ట్ డివిజన్‌లో 1924–25లో మొత్తం 1,192 గోల్స్. 1925–26లో 1,703. ఆ వరద తట్టుకోలేకే సెంటర్ హాఫ్‌ను ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల మధ్యకి లాగి స్టాపర్‌గా, అంటే దాడిని ఆపడమే పనిగా నిలబెట్టారు. ఇప్పటి సెంటర్ బ్యాక్ మూలం అక్కడ ఉంది, రైస్‌బెక్‌లో కాదు.

క్లైడ్‌గట్టు

స్కాట్లండ్ మ్యాచ్‌ల గురించి నాలుగు మాటలు.

1900 ఏప్రిల్ 7, సెల్టిక్ పార్క్, ఇంగ్లండ్ మీద. రైస్‌బెక్ మొదటి క్యాప్. స్కాట్లండ్ నీలం చొక్కాలు కాదు, బ్రిటన్ మాజీ ప్రధాని లార్డ్ రోజ్‌బరీ గుర్రప్పందాల రంగులు, లేత పసుపు, గులాబీ చారలు వేసుకుంది. 4–1తో గెలిచింది. క్వీన్స్ పార్క్ ఫార్వర్డ్ ఆర్.ఎస్. మెక్‌కాల్ మూడు కొట్టాడు, ఇంగ్లండ్‌కి స్టీవ్ బ్లూమర్ ఒకటి. ఆ వెనక వరస మొత్తం గ్లాస్గో క్లబ్ రేంజర్స్‌ది: నికోల్ స్మిత్, జాక్ డ్రమండ్ ఫుల్‌బ్యాక్‌లు. రైస్‌బెక్ పక్కన జాకీ రాబర్ట్‌సన్. 21 ఏళ్ల కుర్రాడు బ్లూమర్ ఉన్న దాడి ఎదుట నిలబడ్డాడు.

1902 ఏప్రిల్ 5, గ్లాస్గోలో ఐబ్రాక్స్ మైదానం, మళ్లీ ఇంగ్లండ్ మీదే. అదే జోడీల మధ్య మళ్లీ రైస్‌బెక్. ఆట జరుగుతుండగా కొత్త చెక్క మెట్ల వరస కూలి 25 మంది చనిపోయారు. తొక్కిసలాట రేగుతుందన్న భయంతో ఆట ఆపి, మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేశారు. 1–1. తర్వాత ఆ మ్యాచ్‌ను రికార్డుల నుంచి తీసేసి, మే 3న విల్లా పార్క్‌లో మళ్లీ ఆడించారు, 2–2. ఆ డబ్బు బాధితుల నిధికి వెళ్లింది.

1906లో హ్యాంప్‌డెన్‌లో ఇంగ్లండ్‌ను 2–1తో ఓడించిన రోజు లక్షకు పైగా జనం. ఆ గుంపు ముందు హాఫ్ వరస నడుమ ఉన్నదీ ఇతనే.

స్కోరుబుక్కు

క్లైడ్‌గట్టు గారు చెప్పిన ఐబ్రాక్స్ మ్యాచ్ దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది. అతను మైదానంలోకి దిగినా ఆ మ్యాచ్‌కి క్యాప్ లేదు. విల్లా పార్క్‌దే లెక్క. రెండూ కలుపుకుంటే 9 అవుతాయి.

ఇంకో తిరకాసు 1898 స్టోక్. అప్పుడు ఫస్ట్ డివిజన్ చివరి ఇద్దరూ సెకండ్ డివిజన్ మొదటి ఇద్దరూ కలిసి, మరుసటి ఏడాది ఫస్ట్ డివిజన్‌లో ఎవరుండాలో తేల్చుకోవడానికి టెస్ట్ మ్యాచ్‌లు ఆడేవారు. ఆ ఏడాది స్టోక్, బ్లాక్‌బర్న్ ఒక పక్క, బర్న్‌లీ, న్యూకాసిల్ ఇంకో పక్క. ప్రతి జట్టూ అవతలి డివిజన్ జట్లు రెండింటితో ఇంటా బయటా నాలుగు మ్యాచ్‌లు. ఆఖరి మ్యాచ్ స్టోక్‌కీ బర్న్‌లీకీ. డ్రా అయితే ఇద్దరూ పైన ఉంటారు. 0–0 అయింది, గోల్ వైపు సరైన షాట్ ఒక్కటీ లేదు. జనం మండిపడ్డారు. లీగ్ ఫస్ట్ డివిజన్‌ను 18 జట్లకి పెంచి, టెస్ట్ మ్యాచ్‌లనే ఎత్తేసింది. ఇవి లీగ్ మ్యాచ్‌లు కావు. అందుకని స్టోక్ లీగ్ లెక్కలో వీటిని వేయకూడదు, కానీ ‘మొత్తం మ్యాచ్‌లు’ అన్న గడిలో కొందరు వేస్తారు. ఒక్కోచోట ఒక్కో అంకె కనిపించడానికి కారణం ఇదే.

లివర్‌పూల్ 341లో కూడా లీగ్ 312 విడిగా రాయండి, మిగతావి కప్ మ్యాచ్‌లుగా చూపండి. అప్పటి స్నేహపూర్వక మ్యాచ్‌లు, స్థానిక కప్పులు దీనిలో చేరవు. సీజన్ రాసేటప్పుడు రెండు ఏళ్లూ రాయండి. ‘1904లో లివర్‌పూల్ సెకండ్ డివిజన్ గెలిచింది’ అన్నవాళ్లు ఉన్నారు. 1903–04లో కిందికి పడింది, 1904–05లో గెలిచి పైకి వచ్చింది. క్లబ్ పేరు ‘స్టోక్’ అనే రాయాలి. దానికి ‘సిటీ’ 1925లో చేరింది.

మూడోఆటగాడు

జీతాల సంగతి రాకుండా ఈ చర్చ పూర్తి కాదు. 1901 నుంచి ఇంగ్లండ్‌లో ఆటగాడికి వారానికి 4 పౌండ్లే గరిష్ఠం, బోనస్‌లు నిషేధం. స్కాట్లండ్‌లో ఆ పరిమితి లేదు. మరి రైస్‌బెక్‌ను లివర్‌పూల్ ఎలా నిలుపుకుంది? క్లబ్ అతనికి బిల్ ఇన్‌స్పెక్టర్ అని ఇంకో ఉద్యోగం ఇచ్చింది. ఊళ్లో అతికించిన మ్యాచ్ పోస్టర్లు సరిగా ఉన్నాయో లేదో చూసిరావడం పని. దాని జీతం ఆట జీతం కిందకి రాదు.

ఇదే నియమం సండర్లండ్‌ను ఎలా ముంచిందో చూడండి. ఫుల్‌బ్యాక్ ఆండ్రూ మెక్‌కాంబీ, లీత్‌లో పుట్టినవాడు, 1901–02 టైటిల్ జట్టులో ఆడాడు. వ్యాపారం పెట్టుకోవడానికి క్లబ్ 100 పౌండ్లు ఇచ్చింది. బెనిఫిట్ మ్యాచ్ (రాబడి ఆటగాడికి ఇచ్చే మ్యాచ్) డబ్బులోంచి తిరిగివ్వాలని క్లబ్ అంది, అది బహుమతి అని అతను అన్నాడు. వివాదం ముదిరి 1904లో 700 పౌండ్లకి న్యూకాసిల్‌కి వెళ్లిపోయాడు, అప్పటికి అది రికార్డు. ఫుట్‌బాల్ అసోసియేషన్ సండర్లండ్ ఖాతాలు తెరిచి చూస్తే నియమం దాటిన చెల్లింపులు బయటపడ్డాయి. 250 పౌండ్ల జరిమానా, ఆరుగురు డైరెక్టర్లపై సస్పెన్షన్, మేనేజర్ అలెక్స్ మాకీకి మూడు నెలలు. లివర్‌పూల్ ఇచ్చినది ఉద్యోగం. సండర్లండ్ ఇచ్చినది నోటిమాట మీద డబ్బు. తేడా కాగితంలో ఉంది.

ఆటపరంగా కూడా మెక్‌కాంబీని రైస్‌బెక్ పక్కన పెట్టి చూడాలి. ‘డిఫెండర్’ అన్న మాటకి అప్పట్లో సరిపోయేది ఫుల్‌బ్యాకే. బంతిని ఆపడం, దూరంగా కొట్టడం, ఆఫ్‌సైడ్ ఉరుకు వేయడం. సగం గీత దాటి వెళ్లడం అతని పని కాదు.

హాఫ్‌లైన్

గీతల గురించి ఒకటి చేర్చాలి. 1902 దాకా పెనాల్టీ బాక్స్ లేదు. గోల్ లైన్‌కి 12 గజాల దూరంలో మైదానం అడ్డంగా ఒక గీత ఉండేది. ఆ గీత లోపల ఎక్కడ కాలు అడ్డుపెట్టి పడేసినా, బంతిని చేత్తో తాకినా పెనాల్టీ, కార్నర్ జెండా పక్కనైనా సరే. తన్నేవాడు ఆ గీత మీద నచ్చినచోట బంతి పెట్టుకోవచ్చు. 18 గజాల బాక్స్ వచ్చాక అంచుల్లో డిఫెండర్‌కి ఊపిరి ఆడింది, కానీ నడుమన ప్రమాదం 12 నుంచి 18 గజాలకి పెరిగింది. నడుమ కాచేవాడు సెంటర్ హాఫే కాబట్టి ఆ భారం అతని మీదే పడింది. అంతకు ముందు 15 గజాల దూరంలో అతను వేసే మోటు ట్యాకిల్‌కి ఫ్రీకిక్ మాత్రమే శిక్ష. 1902 తర్వాత అదే ట్యాకిల్‌కి పెనాల్టీ.

బంతి గురించి కూడా. తోలు, లోపల రబ్బరు బ్లాడర్, మీద లేసు కుట్టు. చుట్టుకొలత 27–28 అంగుళాలు, ఆట మొదట్లో 13–15 ఔన్సులు. తడిస్తే తోలు నీరు పీల్చి బరువెక్కేది. లేసు వైపు తలకి తగిలితే నుదురు చీరుకుపోయేది. గోల్ కిక్‌లన్నీ తలతో తిప్పికొట్టే స్థానంలో 11 సీజన్లు ఆడినవాడికి ఇదేం చిన్న విషయం కాదు. బూటు అడుగున తోలు పట్టీలు లేదా స్టడ్‌లు అర అంగుళం కన్నా బయటికి రాకూడదు. మేకులు తోలుతో సమంగా దిగిపోవాలి. తప్పితే మ్యాచ్ నుంచి బయటికే, సబ్‌స్టిట్యూట్‌లు లేరు కాబట్టి జట్టు పదిమందితోనే ఆడాలి.

ఎర్రచొక్కా1892

సీజన్ల లెక్కలో అతని ముద్ర ఎక్కడ కనిపిస్తుందో చెప్తాను. 1898–99 అతని మొదటి ఏడాది. లీగ్ ఆఖరి రోజున లివర్‌పూల్, ఆస్టన్ విల్లా సమాన పాయింట్లతో ఢీకొన్నాయి. విల్లా 5–0. ఆ సీజన్‌లోనే మార్చిలో ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్ షెఫీల్డ్ యునైటెడ్‌తో నాలుగుసార్లు ఆడాల్సి వచ్చింది. 2–2, 4–4, మూడోది ఫాలోఫీల్డ్‌లో లివర్‌పూల్ 1–0తో ముందుండగా జనం మైదానంలోకి వచ్చి పడడంతో సగంలోనే రద్దు. నాలుగోది డెర్బీలో 0–1. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇదంతా మొదటి సీజన్‌లోనే.

1900–01లో 34 మ్యాచ్‌ల్లో 19 గెలుపు, 7 డ్రా, 8 ఓటమి, 45 పాయింట్లు. చివరి 12 మ్యాచ్‌ల్లో ఓటమి లేదు. ఏప్రిల్ 29న వెస్ట్ బ్రామ్ మీద 1–0తో టైటిల్ ఖాయమైంది. 1904–05లో సెకండ్ డివిజన్: 34 మ్యాచ్‌ల్లో 93 గోల్స్ కొట్టి 25 ఇచ్చారు. మరుసటి ఏడాదే ఫస్ట్ డివిజన్ టైటిల్, 51 పాయింట్లు. వరస ఏళ్లలో రెండు డివిజన్లూ గెలిచిన మొదటి క్లబ్ ఇదే.

మూడోఆటగాడు

ఎర్రచొక్కా అన్నా, 1900–01లో లివర్‌పూల్ ఇచ్చిన గోల్స్ 35. రెండో స్థానంలో ఉన్న సండర్లండ్ ఇచ్చినవి 26. వట్టి డిఫెన్స్ అంకెలతో చూస్తే సండర్లండ్‌దే మెరుగు. అలాంటప్పుడు రైస్‌బెక్‌ను ‘డిఫెండర్’గా ఏ అంకె మీద పైన పెడుతున్నాం?

ఎర్రచొక్కా1892

ఆ అంకె అతని పని మొత్తాన్ని కొలవదు. 2-3-5లో సెంటర్ హాఫ్ జట్టు కొట్టిన గోల్స్‌కి కూడా జవాబుదారీ. లివర్‌పూల్ ఆ ఏడాది కొట్టినవి 59. ఇచ్చిన 35 ఒక్కటే చూసి అతన్ని తూచడం, ఇప్పటి మిడ్‌ఫీల్డర్‌ను క్లీన్ షీట్‌లతో (గోల్ ఇవ్వని మ్యాచ్‌లతో) తూచడమే. నా ఆల్‌టైమ్ జట్టులో అయితే అతన్ని వెనక వరసలో పెట్టను. నలుగురు డిఫెండర్ల ముందు, ఒంటరి హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్‌గా పెడతాను.

క్లైడ్‌గట్టు

నేను ఒప్పుకోను. ఇంగ్లండ్ మీద ఏడుసార్లు ఎంపిక చేసినవాళ్లు ముందు చూసింది ఎదుటి సెంటర్ ఫార్వర్డ్‌ను ఎవరు కట్టడి చేస్తారన్నదే. పాస్‌లు ఇవ్వగల హాఫ్‌లు స్కాట్లండ్‌లో కొదవ లేదు. గాలిలో, ట్యాకిల్‌లో అతన్ని మించినవాడు లేకపోవడం వల్లే ఆ చోటు అతనిది. ముగ్గురు డిఫెండర్ల వరసలో నడిమివాడిగా పెట్టి, బంతితో ముందుకెళ్లే స్వేచ్ఛ ఇస్తే రెండు పనులూ కుదురుతాయి.

పిచ్‌గీత

ఇద్దరి వాదనా అందింది. ముగ్గురి వరసలో నడిమివాడు అన్నది నాకు ఎక్కువ నచ్చింది. 1914 తర్వాతి సంగతి ఎవరైనా చెప్తారా?

స్కోరుబుక్కు

1914లో హామిల్టన్ అకడమికల్ పగ్గాలు పట్టుకున్నాడు. 1921 ఆఖర్లో బ్రిస్టల్ సిటీ మేనేజర్. వచ్చిన సీజన్‌లోనే క్లబ్ సెకండ్ డివిజన్ నుంచి పడిపోయింది. 1922–23లో థర్డ్ డివిజన్ సౌత్ గెలిచి పైకి తెచ్చాడు, 1923–24లో మళ్లీ కింద. 1926–27లో మళ్లీ థర్డ్ డివిజన్ సౌత్ టైటిల్. అప్పట్లో ఆ డివిజన్ నుంచి పైకి వెళ్లేది ఒక్క జట్టే. రెండో స్థానానికి ఏమీ దక్కదు. అంటే పైకి వచ్చిన రెండుసార్లూ 22 జట్లలో మొదటి స్థానం తెచ్చుకోవాల్సిందే. 1929లో అక్కడ్నుంచి తప్పుకుని, 1930 నుంచి 1936 దాకా హాలిఫాక్స్ టౌన్, 1938 దాకా చెస్టర్, ఆపైన బాత్ సిటీ. చివరికి లివర్‌పూల్‌కే స్కౌట్‌గా తిరిగొచ్చాడు. 1949 మార్చి 12న చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు.